నొక్కింది మీరే, బయటికి వెళ్లింది ఏమిటి? – పాఠకుల మిడీ సందేహాలకు జవాబులు

పోయిన నెల కీబోర్డ్‌ను మిడీతో, అంటే వాయిద్యాలూ కంప్యూటర్లూ మాట్లాడుకునే పద్ధతితో, కంప్యూటర్‌కు కలిపి వాయించడం గురించి రాశాక వచ్చిన ఉత్తరాల్లో చాలావాటిది ఒకటే గోడు: ఏదో తేడా వస్తోంది, కీబోర్డ్ పోయిందా, కేబుల్ పోయిందా, ల్యాప్‌టాప్ పోయిందా అని. ఈ నెల అలాంటివే ఏరాను. కమాండ్లను ఇక్కడ పలికినట్టు తెలుగులో రాస్తున్నాను, మీరు మాత్రం టెర్మినల్‌లో (కమాండ్లు టైప్ చేసే కిటికీ) ఇంగ్లిష్ చిన్న అక్షరాలతో కొట్టాలి. అనుమానం వచ్చే చోట స్పెల్లింగ్ విడదీసి చెబుతాను.

ప్రశ్న: మా చర్చిలో నేను కీబోర్డ్ వాయిస్తాను. సెకండ్ హ్యాండ్‌లో కొన్న 61 కీల కీబోర్డ్‌ను యూఎస్‌బీ కేబుల్‌తో ఉబుంటు అనే లినక్స్ ఉన్న పాత ల్యాప్‌టాప్‌కు కలిపి, అందులో సాఫ్ట్‌వేర్ పియానో వాడుతున్నాం. ఆరాధన మధ్యలో ఉన్నట్టుండి ఏదో ఒక స్వరం వేలు తీసినా ఆగదు, సాగుతూనే ఉంటుంది. వాల్యూమ్ తగ్గించుకోవడం తప్ప దారి లేదు, అందరూ వెనక్కి తిరిగి నన్నే చూస్తారు. రిపేరు షాపులో లోపల బోర్డు మార్చాలన్నారు. మా తమ్ముడు ల్యాప్‌టాప్‌దే తప్పంటాడు. ఎవరి మాట నమ్మాలి?
– ఒక పాఠకుడు, తెనాలి

జవాబు: ప్రస్తుతానికి ఇద్దరినీ నమ్మొద్దు, ఎందుకంటే ఇద్దరూ చూడకుండా చెప్పారు. బోర్డుకు డబ్బు కట్టే ముందు పది నిమిషాలు కూర్చుంటే తప్పు ఎటు వైపుందో మీకే తెలిసిపోతుంది.

మిడీ కేబుల్‌లో శబ్దం రాదండీ, చీటీలు వస్తాయి. "60వ నంబరు కీ నొక్కారు, ఇంత జోరుగా" అని ఒక చీటీ, "60వ నంబరు కీ వదిలారు" అని ఇంకో చీటీ. వాటిని చదివి శబ్దం పుట్టించేది ల్యాప్‌టాప్‌లోని పియానో. కాబట్టి స్వరం ఆగలేదంటే రెండే దారులు: వదిలిన చీటీ అసలు రాలేదు, లేదా వచ్చినా పియానో ఆపలేదు. మొదటిదైతే కీబోర్డో కేబులో, రెండోదైతే ల్యాప్‌టాప్ వైపు వ్యవహారం. ఈ చీటీలను వచ్చినవి వచ్చినట్టు తెర మీద చూపించే చిన్న ప్రోగ్రామ్ మీ ఉబుంటులో ఇప్పటికే ఉండి ఉంటుంది. పేరు ఏసెక్‌డంప్ (ఎ, ఎస్, ఇ, క్యు, డి, యు, ఎం, పి, అన్నీ కలిపి). లేదంటే అల్సా-యుటిల్స్ అనే ప్యాకేజీ వేసుకుంటే వస్తుంది.

కీబోర్డ్ ఆన్ చేసి, కేబుల్ పెట్టి, టెర్మినల్ తెరిచి ముందు "ఏసెక్‌డంప్ -ఎల్" కొట్టండి. పోర్ట్‌ల జాబితా వస్తుంది. అందులో 0 నంబరుతో సిస్టమ్‌వి, 14 నంబరుతో మిడీ త్రూ అనేది మామూలుగా ఉంటాయి, అవి లినక్స్ సొంతం, వాటిని చూసి కీబోర్డ్ దొరికిందని సంబరపడకండి. మీ కీబోర్డ్ పేరుతో 20:0 లాంటిది, లేదా 24:0 లాంటిది ఉంటుంది. అది చూసుకుని "ఏసెక్‌డంప్ -పి 20:0" కొట్టండి. నంబరు ఇవ్వకుండా ఒట్టి ఏసెక్‌డంప్ కొడితే అది తనంతట తాను మీ కీబోర్డ్‌ను వెతుక్కోదు, మీరెన్ని కీలు నొక్కినా కనిపించవు, అక్కడే చాలామంది కీబోర్డ్ పనిచేయట్లేదని తేల్చేస్తారు.

ఇప్పుడు మధ్యలో ఉన్న సీ కీ నొక్కి వదలండి. ఇలా రెండు వరుసలు వస్తాయి:

20:0 నోట్ ఆన్ 0, నోట్ 60, వెలాసిటీ 72
20:0 నోట్ ఆఫ్ 0, నోట్ 60, వెలాసిటీ 64

నోట్ ఆన్ పక్కనున్న 0 ఛానల్. మిడీలో ఛానళ్లు 16, కీబోర్డ్ మీద 1 నుంచి 16 అని రాసి ఉంటాయి గానీ ఈ ప్రోగ్రామ్ 0 నుంచి లెక్కపెడుతుంది, అంటే ఇక్కడి 0 మీ కీబోర్డ్ మీది 1. వెలాసిటీ అంటే ఎంత జోరుగా కొట్టారో, 1 నుంచి 127 దాకా. కొన్ని కీబోర్డ్‌లు వదిలిన చీటీ పంపే బదులు "60 నొక్కారు, జోరు సున్నా" అని పంపుతాయి. అది తప్పు కాదు, మిడీ నిబంధనలే దాన్ని వదిలినట్టు లెక్క వేయమంటాయి. ఏసెక్‌డంప్ కూడా దాన్ని నోట్ ఆఫ్ అనే చూపిస్తుంది, పక్కన వెలాసిటీ మాత్రం రాయదు.

ఇక అసలు పరీక్ష. ఎడమ చివరి కీ నుంచి కుడి చివరి దాకా ఒక్కొక్కటే నిదానంగా నొక్కి వదలండి. మామూలుగా 61 కీల కీబోర్డ్‌లో నంబర్లు 36 నుంచి 96 దాకా వస్తాయి. ప్రతి ఆన్ వెనకాల అదే నంబరుతో ఆఫ్ రావాలి. కళ్లు పట్టుకోలేవనుకుంటే ఫైల్‌లోకి పంపేయండి: "ఏసెక్‌డంప్ -పి 20:0" తర్వాత ఎడమకు నోరు తెరిచినట్టుండే బాణం గుర్తు, తర్వాత ఏదో ఒక ఫైల్ పేరు. ఒక పాట మొత్తం, చర్చిలో వాయించినట్టే, వాయించి కంట్రోల్-సి కొట్టి ఆపండి. ఆ ఫైల్‌లో నోట్ ఆన్‌లు ఎన్ని, నోట్ ఆఫ్‌లు ఎన్ని అన్నది మాటలు వెతికే కమాండ్ "గ్రెప్ -సి -ఐ" లెక్కపెట్టి ఇస్తుంది (గ్రెప్ స్పెల్లింగ్ జి, ఆర్, ఇ, పి; వెతికే మాటలు రెండు కాబట్టి కొటేషన్ గుర్తుల్లో పెట్టాలి; -ఐ లేకపోతే పెద్ద అక్షరంతో మొదలయ్యే వరుసలు లెక్కలోకి రావు). రెండు అంకెలూ సమానంగా ఉండి, ఆ పాటలో స్వరం స్టక్ అయిందంటే చాలావరకు కీబోర్డ్ నిర్దోషి. ఆఫ్‌లు తక్కువ వచ్చాయంటే దొరికింది దొంగ, ఏ నంబరుదో వెతకడమే తరువాయి.

ఎప్పుడూ ఒకే కీకి ఆఫ్ రాకపోతే ఆ కీ కింద రబ్బర్ కాంటాక్ట్ చూడాలి. జోరు తెలిసే కీబోర్డ్‌లలో ప్రతి కీ కిందా రెండు కాంటాక్ట్‌లు ఉంటాయి, ఒకటి ముందు తగులుతుంది, రెండోది క్షణం తర్వాత, ఆ మధ్య గడిచిన సమయం నుంచే వెలాసిటీ లెక్కగడతారు. దుమ్ము పట్టిన కీని మెల్లగా నొక్కినా 127 రావడం, లేదా అసలు రాకపోవడం, అందువల్లే. దీనికి బోర్డు మార్చక్కర్లేదు, విప్పి ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో తుడిస్తే చాలాసార్లు బాగుపడుతుంది.

కానీ మీ ఉత్తరంలో "ఏదో ఒక స్వరం" అన్నారు, ఒకే స్వరం అనలేదు. అందుకే నాకు ఇంకో రెండు అనుమానాలున్నాయి. ఒకటి, ట్రాన్స్‌పోజ్. చర్చిలో పాట పాటకీ శ్రుతి మారుతుంది కదా, చివరి కార్డ్ పట్టుకుని ఉండగానే ఎడమ చేత్తో ట్రాన్స్‌పోజ్ బటన్ నొక్కే అలవాటు చాలామందికుంది (నాకూ ఉంది). మంచి కీబోర్డ్ ఏ నంబరుతో ఆన్ పంపిందో గుర్తుపెట్టుకుని అదే నంబరుతో ఆఫ్ పంపుతుంది. కొన్ని పంపవు. నొక్కినప్పుడు 60 అని, ట్రాన్స్‌పోజ్ రెండు పెంచాక వదిలినప్పుడు 62 అని పంపుతాయి. పియానోకు 60ని ఆపమని ఎవరూ చెప్పలేదు, అది పాపం సాగుతూనే ఉంటుంది. గమ్మత్తేమిటంటే అప్పుడు పైన చెప్పిన లెక్కలో ఆన్‌లూ ఆఫ్‌లూ సమానంగానే వస్తాయి! "చాలావరకు" అన్నది అందుకే, నంబర్లు కూడా జత కుదిరాయో లేదో చూడాలి. మందు సులువే, చేతులు ఎత్తాకే ట్రాన్స్‌పోజ్ మార్చండి.

రెండోది సస్టెయిన్ పెడల్, వేలు తీసినా స్వరం సాగేలా కాలితో తొక్కేది. అది తొక్కితే "కంట్రోల్ చేంజ్, కంట్రోలర్ 64, వాల్యూ 127" అని, వదిలితే "వాల్యూ 0" అని వస్తుంది. 64, అంతకంటే పైన ఉంటే తొక్కినట్టు, 63, అంతకు కింద ఉంటే వదిలినట్టు. కొన్ని పెడల్స్ తొక్కితే సర్క్యూట్ కలుస్తుంది, కొన్ని తొక్కితే తెగుతుంది, కంపెనీకో రకం. చాలా కీబోర్డ్‌లు ఆన్ చేసిన క్షణంలో పెడల్ ఎలా ఉందో చూసి "ఇదే వదిలిన స్థితి" అనుకుంటాయి. ఆ క్షణంలో మీ కాలు పెడల్ మీదుందా, ఆ రోజంతా అది తిరగబడే పనిచేస్తుంది. ఒకసారి ఒక పెళ్లి రిసెప్షన్‌లో ఇదే జరిగి, కీబోర్డ్ పోయిందని స్టేజీ వెనక స్క్రూలన్నీ విప్పి కూర్చున్నాను. తీరా చూస్తే మైకు స్టాండు కాలు పెడల్ మీదుంది. అప్పటికి ఏసెక్‌డంప్ ఉందని నాకు తెలియదు. తెలిసుంటే తెర మీద "64, 127" అని కనిపించేది, భోజనానికి మొదటి బంతిలోనే కూర్చునేవాణ్ని.

అన్నీ జత కుదిరి, పెడల్ కూడా సరిగ్గా ఉండి, అయినా స్వరం సాగుతుంటే అప్పుడు మీ తమ్ముడు గెలిచినట్టు. సాఫ్ట్‌వేర్ పియానో సెట్టింగులు చూడాలి. ఆదివారం గండం గడవడానికి మాత్రం ఆ పియానోలో పానిక్ అనే బటన్ ఉందేమో వెతికి పెట్టుకోండి. అది మామూలుగా కంట్రోలర్ 123, అంటే "అన్ని స్వరాలూ ఆపు" అనే చీటీ పంపుతుంది.

ప్రశ్న: నేను బీటెక్ రెండో సంవత్సరం. విండోస్ లోపలే ఉబుంటు వేసుకున్నాను. మీరు ఇంతకుముందు చెప్పిన ఏసెక్‌డంప్ కొడితే సీక్వెన్సర్ తెరవలేకపోయానని ఎర్రర్ ఇస్తోంది. కీబోర్డ్ విండోస్‌లో బాగానే కనిపిస్తోంది. ప్యాకేజీ మూడుసార్లు తీసేసి మళ్లీ వేశాను.
– ఒక విద్యార్థి, కరీంనగర్

జవాబు: ముప్ఫైసార్లు వేసినా అంతే. విండోస్ లోపల నడిచే ఆ ఉబుంటుకు మామూలుగా మీ మిడీ పరికరాలు కనిపించవు, ఏసెక్‌డంప్ తలుపు తట్టే చోట అసలు తలుపే లేదు. మీ తప్పు కాదిది.

రెండు దారులు చెబుతాను. పెన్‌డ్రైవ్‌లో ఉబుంటు వేసి, ఇన్‌స్టాల్ చేయకుండా దాని నుంచే కంప్యూటర్ బూట్ చేయండి, పరీక్ష వరకు అది చాలు. లేదంటే విండోస్‌లోనే రిసీవ్‌మిడీ అనే ఉచిత ప్రోగ్రామ్ వాడండి. గీర్ట్ బెవిన్ రాసినది, మ్యాక్‌లో కూడా నడుస్తుంది, మ్యాక్ వాడేవాళ్లకు నేను మొదట చెప్పేది ఇదే. "రిసీవ్‌మిడీ లిస్ట్" కొడితే పరికరాల పేర్లు, "రిసీవ్‌మిడీ డెవ్" పక్కన ఆ పేరు కొడితే వచ్చే చీటీలు. ఇందులో ఛానళ్లు 1 నుంచే మొదలవుతాయి, స్వరాలకు నంబర్ల బదులు పేర్లుంటాయి. మధ్య సీని ఇది సీ3 అంటుంది, వేరే సాఫ్ట్‌వేర్ సీ4 అనొచ్చు. కంపెనీల మధ్య ఈ పేర్ల గొడవ ఎన్నాళ్ల నుంచో ఉంది, తేలదు. నాకు నంబర్లే నయం, కమాండ్ చివర "ఎన్ఎన్" చేరిస్తే నంబర్లే ఇస్తుంది. ఇంకొక్క మాట, విండోస్‌లో చాలా డ్రైవర్లు ఒక పోర్ట్‌ను ఒకేసారి ఒక్క ప్రోగ్రామ్‌కే ఇస్తాయి. మీ మ్యూజిక్ సాఫ్ట్‌వేర్ మూసేసి ఇది నడపండి, లేదంటే మళ్లీ ఎర్రర్ చూసి మళ్లీ నాకే ఉత్తరం రాస్తారు.

ప్రశ్న: కీబోర్డ్ ముట్టుకోకపోయినా తెర మీద వరుసలు జలపాతంలా దిగుతున్నాయి. వైరస్సా?
– ఒక పాఠకురాలు, రాజమహేంద్రవరం

జవాబు: వైరస్ కాదమ్మా, గడియారం. "క్లాక్" అని వస్తుంటే, కీబోర్డ్‌లోని రిథమ్ వేగాన్ని బయటి పరికరాలకు చెప్పే చీటీలవి, ఒక్కో బీట్‌కు 24. వేగం 120లో ఉంటే సెకనుకు 48 వరుసలు, జలపాతం అనడంలో అతిశయోక్తి ఏమీ లేదు. "యాక్టివ్ సెన్సింగ్" అని వస్తుంటే అది "నేనున్నాను, తీగ ఊడలేదు" అని కీబోర్డ్ చెప్పే ఉనికి కబురు, 300 మిల్లీసెకన్లు మించకుండా ఏదో ఒకటి పంపుతూనే ఉండాలని దాని నియమం. రెండూ ఆరోగ్య లక్షణాలే. కానీ వాటి మధ్య మీ నోట్ ఆన్ వెతకడం బియ్యంలో రాయి ఏరడం కంటే కష్టం, అందుకని జల్లెడ పట్టాలి. ఏసెక్‌డంప్ కమాండ్ తర్వాత నిలువు గీత, ఆపైన "గ్రెప్ -వి -ఐ -ఇ క్లాక్ -ఇ సెన్సింగ్". ఆ రెండు మాటలున్న వరుసలన్నీ మాయమై మిగతావి మాత్రమే మిగులుతాయి.

ప్రశ్న: అమిడి అనే ఇంకో కమాండ్ వాడితే 90 3సి 48 అని అర్థంకాని అంకెలు వస్తున్నాయి. ఇవెలా చదవాలి? ఏది వాడాలి?
– ఒక పాఠకుడు, హైదరాబాద్

జవాబు: రోజువారీ పనికి ఏసెక్‌డంప్. అమిడి (స్పెల్లింగ్ ఎ, ఎం, ఐ, డి, ఐ) తీగలో వచ్చిన బైట్లను అనువాదం చేయకుండా పడేస్తుంది, కీబోర్డ్ ఏదో పిచ్చి చీటీ పంపుతోందని అనుమానం వచ్చినప్పుడు మాత్రమే అది.

అవి పదహారు అంకెల లెక్కలో, అంటే హెక్స్‌లో ఉన్నాయి. 90లో 9 అంటే నోట్ ఆన్, 0 అంటే మొదటి ఛానల్. 80 అయితే నోట్ ఆఫ్, బీ0 అయితే కంట్రోల్ చేంజ్, ఈ0 అయితే పిచ్ బెండ్. 3సి అంటే మన లెక్కలో 60, 48 అంటే 72. వెరసి "60వ స్వరం, జోరు 72". చీటీ మొదటి బైటు ఎప్పుడూ 128 గానీ అంతకు పైన గానీ ఉంటుంది, తర్వాతివి 127 దాటవు, ఏది మొదలో ఏది తోకో అలా తెలుస్తుంది. మిడీలో ఎక్కడ చూసినా 127 దగ్గర ఆగిపోవడానికి కారణం ఇదే.

మన సంగీతం నేర్చుకున్నవాళ్లకు ఇంకో లెక్క: 60 అంటే ఒకటో శ్రుతి స. అక్కడి నుంచి అర స్వరానికి ఒక్కో అంకె. ఐదున్నర శ్రుతికి స 68, కింది స్థాయిలో 56. హార్మోనియం మెట్లు తెలిసినవాళ్లకు ఇది రెండు రోజుల్లో నోటికొస్తుంది.

ప్రశ్న: మా అమ్మాయికి వయొలిన్ నేర్పే మాస్టారు, మా కీబోర్డ్ శ్రుతి కొద్దిగా ఎక్కువగా ఉందంటున్నారు. ఎలక్ట్రానిక్ వస్తువుకు శ్రుతి ఎలా తప్పుతుంది అని నేను వాదించాను. ట్యూనింగ్ సెట్టింగ్ 440లోనే ఉంది. ల్యాప్‌టాప్ నుంచి వాయించినప్పుడే ఈ తేడా అట, అదీ రోజూ కాదు.
– ఒక పాఠకురాలు, డాలస్

జవాబు: వాదించకుండా ఉండాల్సింది, మాస్టారి చెవి నిజమే చెప్పి ఉంటుంది. "ల్యాప్‌టాప్ నుంచి", "రోజూ కాదు" అన్నారు చూడండి, ఆ రెండు మాటలు నన్ను నేరుగా కీబోర్డ్ ఎడమ పక్కన, శ్రుతిని పైకీ కిందికీ వంచడానికి ఉండే పిచ్ బెండ్ చక్రం దగ్గరికి తీసుకెళ్లాయి.

ఆ చక్రం తిప్పితే "పిచ్ బెండ్, వాల్యూ ఇంత" అని చీటీలు వస్తాయి. ఏసెక్‌డంప్‌లో నడిమధ్యకు 0, కింది కొసకు -8192, పై కొసకు 8191. వదలగానే స్ప్రింగ్ దాన్ని మధ్యకు లాగాలి, చివరి చీటీ 0 అని ఉండాలి. పాతబడిన చక్రం పూర్తిగా తిరిగి రాదు, చివరి చీటీ ఏ 384 దగ్గరో ఆగిపోతుంది. సాఫ్ట్‌వేర్ మాత్రం ఆ అంకెను పట్టుకుని కూర్చుంటుంది, మీరు మళ్లీ చక్రం ముట్టుకునేదాకా వదలదు. మామూలుగా పూర్తి తిప్పుడు రెండు అర స్వరాలు, అంటే 200 సెంట్లు. ఆ లెక్కన 384 అంటే సుమారు 9 సెంట్లు ఎక్కువ. మీకూ నాకూ తెలియకపోవచ్చు, తంబూరా పెట్టుకుని రోజుకు నాలుగు గంటలు వయొలిన్ వాయించేవాళ్లకు పంటి కింద రాయిలా తగులుతుంది.

పదిసార్లు పైకి, పదిసార్లు కిందికి తిప్పి వదలండి, ప్రతిసారీ చివరి వరుసలో వాల్యూ ఎంతో రాసుకోండి. మ్యాక్ అయితే రిసీవ్‌మిడీతో చూడండి, అందులో ఈ విలువ 0 నుంచి 16383 దాకా ఉంటుంది, మధ్య అంటే 8192. అంకెలు ఒకటొకటిగా కాకుండా 128 చొప్పున గెంతుతూ వస్తే కంగారుపడకండి, చాలా చక్రాలు అంతే సన్నంగా కొలవగలవు. గమకాల కోసం పిచ్ బెండ్ వాడేవాళ్లకు మాత్రం ఆ గెంతులు ముఖ్యం, కీబోర్డ్ కొనే ముందు ఒకసారి చూసుకోవడం మంచిది. చక్రం మధ్యకు రాకపోతే విప్పి శుభ్రం చేయించాలి, అప్పటిదాకా పాఠం మొదలయ్యే ముందు ఒకసారి వేలితో మధ్యకు నెట్టి, తెర మీద మధ్య అంకె వచ్చిందని చూసుకుంటే సరి. మాస్టారికి సారీ కూడా చెప్పండి.

ప్రశ్న: నేను ఆర్కెస్ట్రాలో ప్యాడ్స్ వాయిస్తాను. ఒక దెబ్బ కొడితే రెండు దెబ్బలు మోగుతున్నాయి. చేయి తడబడుతోందని మా వాళ్లు ఎగతాళి చేస్తున్నారు. ప్యాడ్ మార్చాలా?
– ఒక పాఠకుడు, విశాఖపట్నం

జవాబు: ముందు పరువు కాపాడుకుందాం. ప్యాడ్‌ను కంప్యూటర్‌కు కలిపి రిసీవ్‌మిడీ నడపండి, కమాండ్ చివర "టీఎస్" చేర్చండి, ప్రతి వరుస ముందూ సమయం పడుతుంది. అన్ని ప్యాడ్‌లనూ ఒక్కొక్కటిగా, ఒక్కో దెబ్బ, మధ్యలో రెండు సెకన్లు ఆగి కొట్టండి.

ఒక దెబ్బకు ఒకే నోట్ ఆన్ వస్తే ప్యాడ్ బాగుంది, మోగేది రెండు చోట్ల మోగుతోంది: ప్యాడ్ సొంత శబ్దం ఒకటి, కంప్యూటర్‌ది ఇంకోటి. ప్యాడ్ సెట్టింగుల్లో లోకల్ ఆఫ్ (ప్యాడ్ సొంత శబ్దాన్ని ఆపేది) ఉంటే అది చేయండి, లేదంటే ఒకదాని వాల్యూమ్ తగ్గించండి. ఒక దెబ్బకు రెండు ఆన్‌లు వచ్చి, రెండింటి మధ్య 20, 30 మిల్లీసెకన్లే తేడా ఉండి, రెండో దాని జోరు బాగా తక్కువగా ఉంటే అది మీ చేయి కాదు, అంత దగ్గరగా ఒకే కర్రతో రెండుసార్లు మీరు కొట్టలేరు. కర్ర తగిలాక రబ్బరు వణుకుతుంది, ఆ వణుకునే లోపలి సెన్సార్ ఇంకో దెబ్బ అనుకుంటోంది. ప్యాడ్ మెనూలో మాస్క్ టైమ్, లేదా రీట్రిగ్గర్ క్యాన్సిల్, అని ఏదో ఒకటి ఉంటుంది. దాన్ని కొద్దికొద్దిగా పెంచుతూ మళ్లీ కొట్టి చూడండి, రెండో వరుస మాయమైన చోట ఆపేయండి. మరీ పెంచితే మీరు నిజంగా వేగంగా వాయించిన దెబ్బల్ని కూడా మింగేస్తుంది, తీన్మార్ వాయించేటప్పుడు తెలుస్తుంది ఆ బాధ.

రెండు ఆన్‌లు వచ్చినా నోట్ నంబర్లు వేర్వేరుగా ఉన్నాయంటే కథ వేరు. ఒక ప్యాడ్ కొడితే అదురు పక్క ప్యాడ్‌కు పాకింది. దానికి క్రాస్‌టాక్ అనే సెట్టింగ్, ఇంకా స్టాండు బిగువు చూసుకోవాలి.

ప్రశ్న: కీ నొక్కాక శబ్దం ఆలస్యంగా వస్తోంది. మిడీ అనేది 1983 నాటి పాత పద్ధతి కాబట్టి నెమ్మదిగా ఉంటుందని ఒకరన్నారు. నిజమేనా?
– ఒక పాఠకుడు, తిరుపతి

జవాబు: 1983 వరకు నిజం, తర్వాతిది కాదు. పాత గుండ్రటి ఐదు పిన్నుల కేబుల్ సెకనుకు 31,250 బిట్లు పంపుతుంది, ఒక నోట్ ఆన్ చేరడానికి ఒక మిల్లీసెకను కూడా పట్టదు. పది వేళ్లూ ఒకేసారి వేసినా 10 మిల్లీసెకన్లలోపే. యూఎస్‌బీకి ఆ ఇరుకు కూడా లేదు.

ఏసెక్‌డంప్ పెట్టి కీ నొక్కండి. వేలు దిగడం, వరుస పడటం ఒకేసారి జరిగి శబ్దం మాత్రం తర్వాత వస్తే, ఆలస్యం ఆడియో బఫర్‌లో, అంటే శబ్దాన్ని బయటికి పంపే ముందు కాస్త పోగేసే చోట, ఉంది. 1024 శాంపిళ్ల బఫర్ 44,100 రేటు దగ్గర ఒక్కటే 23 మిల్లీసెకన్లు తింటుంది, సాఫ్ట్‌వేర్ అలాంటివి రెండుమూడు పెట్టుకుంటే మీకు తెలిసేంత అవుతుంది. 256కు దించి చూడండి, చిటపటలు వినిపిస్తే 512. బ్లూటూత్ స్పీకర్ వాడుతుంటే ఇవేవీ అక్కర్లేదు, ముందు దాన్ని పీకేసి వైరు హెడ్‌ఫోన్ పెట్టండి.

ప్రశ్న: ఏసెక్‌డంప్ -ఎల్ కొడితే నా కీబోర్డ్ పేరే రావట్లేదు. మిడీ త్రూ ఒక్కటే ఉంది.
– ఇదే ప్రశ్న ఐదుగురు అడిగారు

జవాబు: ఐదుగురికీ కలిపి ఒకటే: ముందు కేబుల్ మార్చండి. ఫోన్ ఛార్జర్‌తో వచ్చే కొన్ని కేబుళ్లలో కరెంటు తీగలే ఉంటాయి, డేటా తీగలుండవు. తర్వాత కీబోర్డ్ వెనక చూడండి, రెండు యూఎస్‌బీ రంధ్రాలుంటే "టు హోస్ట్" అని రాసి ఉన్న చదరపు దాంట్లో పెట్టాలి, "టు డివైస్" అని ఉన్నది పెన్‌డ్రైవ్ కోసం. ఐదు పిన్నుల కేబుల్‌ను యూఎస్‌బీగా మార్చే చవక తీగ వాడుతుంటే, జాబితాలో పేరు వచ్చి కూడా కీలు నొక్కితే ఏమీ కనిపించకపోవచ్చు. అలాంటప్పుడు ఇన్, అవుట్ అని రాసిన రెండు కొసల్నీ అటుదిటు మార్చి పెట్టండి, కొందరు ఆ కొసల మీద కేబుల్ పేరు రాస్తారు, కొందరు కీబోర్డ్ రంధ్రం పేరు రాస్తారు. మార్చినందువల్ల ఏదీ కాలిపోదు.